దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఇల్లు అద్దెకివ్వడం: యజమాని బాధ్యతలు, తరచుగా వచ్చే ప్రశ్నలు

హైదరాబాద్ తూర్పు భాగంలో 65వ నంబరు విజయవాడ జాతీయ రహదారి వెంట మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ వరుసగా ఉన్నాయి. ఎల్బీనగర్ కూడలి నుంచి జనావాసాలు ఒకవైపు వనస్థలిపురం, హయత్‌నగర్ దాకా, ఇంకోవైపు నాగోలు దాకా, దక్షిణాన కర్మన్‌ఘాట్, హస్తినాపురం దాకా పరుచుకున్నాయి. ఈ కాలనీల్లో అద్దెకిచ్చేవారిలో పెద్ద వ్యాపారులు తక్కువ. రిటైరైన టీచరో, బ్యాంకు ఉద్యోగో, ఆర్టీసీ కార్మికుడో ఉద్యోగంలో ఉండగానే రెండు వందల గజాల ప్లాటు కొంటారు. అప్పు చేసి కింద ఒక ఇల్లు, పైన రెండంతస్తులు కట్టుకుంటారు. కింద తాము ఉండి పై పోర్షన్లు కిరాయికిస్తారు. పెన్షనుతో పాటు ఆ కిరాయే ఇల్లు నడుపుతుంది. యజమాని, కిరాయిదారు ఒకే గేటు, ఒకే సంపు, ఒకే మెట్లదారి వాడుకునే ఈ ఏర్పాటులో ఎవరి హద్దు ఎక్కడో స్పష్టంగా ఉండాలి. ఆ హద్దుల్లో చాలావాటిని ఇప్పటి చట్టం నేరుగా గీయలేదు, ఒప్పంద పత్రానికే వదిలేసింది. ఇక్కడి అద్దె తగాదాలకు మూలం చాలాసార్లు ఆ పత్రంలో రాయకుండా వదిలేసిన మాటే.

అద్దె ఇళ్ల ప్రాంతంగా ఎదిగిన తీరు

నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు వైపు నుంచి నగరానికి వచ్చేవారికి ఎల్బీనగర్ ముఖద్వారం. సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు కలిసేది ఇక్కడే. ఊరి నుంచి దిగిన కుటుంబం బస్సు దిగిన చోటికి దగ్గర్లోనే ఇల్లు వెతుక్కోవడం సహజం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు పెరిగిన కొద్దీ ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీ యువకులు చేరారు. చైతన్యపురి, గడ్డిఅన్నారం, కమలానగర్ వీధుల్లో ఎన్నో ఇళ్లు హాస్టళ్లయ్యాయి. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం ఒకప్పుడు వేర్వేరు మున్సిపాలిటీలు. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు కలిసిన పన్నెండు మున్సిపాలిటీల్లో ఇవి రెండూ ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలయ్యాక పడమటి వైపు ఆఫీసుల్లో పనిచేసేవారూ ఇటు ఇళ్లు చూసుకోవడం పెరిగింది. స్టేషనుకు నడిచి వెళ్లగలిగే ఇల్లు అన్న మాట టులెట్ బోర్డుల మీదికి ఎక్కింది.

ఏ చట్టం వర్తిస్తుంది

అద్దె నియంత్రణ చట్టం తమను కాపాడుతుందని కిరాయిదారులు, తమ చేతులు కట్టేసిందని యజమానులు అనుకుంటూ ఉంటారు. ఈ ప్రాంతంలోని అత్యధిక ఇళ్లకు ఆ చట్టం వర్తించదు.

తెలంగాణ ప్రాంతంలో 1954 నాటి హైదరాబాద్ ఇళ్ల అద్దె నియంత్రణ చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం ఉండేవి. రెండింటి స్థానంలో 1960లో ఉమ్మడి రాష్ట్రానికంతటికీ భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం వచ్చింది. తెలంగాణలో నేటికీ అమల్లో ఉన్నది అదే. న్యాయమైన అద్దె నిర్ణయం, యజమాని కిరాయి తీసుకోనంటే జమచేసుకునే వీలు, ఏ కారణాల మీద ఖాళీ చేయించవచ్చో చెప్పే 10వ సెక్షను దాని ప్రధానాంశాలు. అయితే 32వ సెక్షను కొన్ని భవనాలకు మినహాయింపునిచ్చింది. 2005 సవరణ ప్రకారం కట్టి 15 ఏళ్లు దాటని భవనాలు, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించి అద్దె ఉన్న భవనాలు ఈ చట్టం కిందికి రావు. రెండు బెడ్‌రూముల ఇల్లు కాదు కదా, ఒంటి గది కూడా ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో 3,500కు దొరకదు. ఎన్నో ఏళ్లుగా ఒకే ఇంట్లో పాత అద్దెకు ఉంటున్న కొద్దిమంది విషయంలోనే ఈ చట్టం కింద రెంట్ కంట్రోలర్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

మిగతా అందరికీ వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 105 నుంచి 117 దాకా సెక్షన్లు లీజు గురించినవి. యజమాని, కిరాయిదారుల హక్కులు, బాధ్యతలు 108వ సెక్షనులో ఉన్నాయి. వేరే ఒప్పందం గానీ, స్థానిక ఆచారం గానీ లేనప్పుడు మాత్రమే ఇవి వర్తిస్తాయన్న షరతుతో ఆ సెక్షను మొదలవుతుంది. అంటే ఇద్దరూ రాసుకున్నదానికే మొదటి స్థానం. రాసుకోని చోట మాత్రమే చట్టం పలుకుతుంది, అదీ క్లుప్తంగా. మరమ్మతులు యజమానే చేయించాలన్న సాధారణ నియమం కూడా ఆ చట్టంలో లేదు. యజమాని చేయించాల్సిన మరమ్మతు చేయించకపోతే కిరాయిదారు చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో మినహాయించుకోవచ్చని చెప్పింది. ఏది యజమాని వంతో ఒప్పందమే తేల్చాలి. నూట నలభై ఏళ్ల కిందటి చట్టం పైఅంతస్తు పోర్షను గురించి, ఉమ్మడి బోరు గురించి ఊహించలేదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, ఇంట్లోకి రావాలంటే యజమాని 24 గంటల ముందు చెప్పాలని, నీళ్లు, కరెంటు ఆపకూడదని, గడువు దాటి ఉన్న కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతల అద్దె కట్టాలని అందులో ఉంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తానుగా శాసనం చేస్తేనే అమల్లోకి వస్తుంది. అందాకా ఆగాల్సిన పని యజమానికి లేదు. అందులోని మంచి నియమాలను ఈరోజే తన ఒప్పందంలో రాసుకోవచ్చు. రాసుకోవాలి కూడా.

పదకొండు నెలల కాగితం

కిరాయి ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారన్నది తరచుగా వినిపించే ప్రశ్న. ఏడాదికి మించిన గడువుతో ఇచ్చే లీజును రిజిస్టరు చేయించాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను చెబుతోంది. రిజిస్ట్రేషన్ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే పదకొండు నెలలు. ఏడాదికి మించి రాసుకుని రిజిస్టరు చేయించకపోతే అందులోని షరతులను కోర్టులో నిలబెట్టుకోవడం కష్టమవుతుంది.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదైపోతుందన్న భయం చాలామంది పెద్దవాళ్లలో ఉంది. కొందరు ఆ భయంతోనే మంచి కిరాయిదారును కూడా మూడేళ్లకు ఖాళీ చేయిస్తారు. ఇది అనవసరమైన భయం. కిరాయిదారు యజమాని అనుమతితో ఉన్నవాడు. కిరాయికి దిగినవాడు అద్దె సాగినంతకాలం ఇచ్చినవారి హక్కును కాదనలేడని సాక్ష్య చట్టం చెబుతోంది. అద్దె కడుతూ ఉన్నవాడి స్వాధీనం ఎన్నేళ్లయినా యాజమాన్యంగా మారదు. అయితే కిరాయి తీసుకున్నట్టు రుజువు ఉండాలి. ఎవరికో ఉండనిచ్చి కాగితం, రసీదు ఏదీ లేకుండా దశాబ్దాలు వదిలేస్తేనే చిక్కు. కిరాయి బ్యాంకు ఖాతాలోకి గానీ, ఫోన్ ద్వారా గానీ వస్తే ఆ రుజువు దానంతటదే ఏర్పడుతుంది. నగదు తీసుకుంటే రసీదు ఇవ్వడం ఇద్దరికీ రక్షణ.

వీధి చివర స్టాంపులమ్మే చోట దొరికే అచ్చు ఒప్పందాల్లో కిరాయి, తేదీ, పేర్లు తప్ప పనికొచ్చేది పెద్దగా ఉండదు. అడ్వాన్సు ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, కిరాయి ఎప్పుడు ఎంత శాతం పెరుగుతుంది (5 నుంచి 10 శాతం రాసుకోవడం వాడుక), మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు, బండి ఎక్కడ పెట్టుకోవాలి, డాబా వాడుకోవచ్చా, మోటారు చెడితే ఎవరు బాగుచేయించాలి, ఇల్లు ఇచ్చేనాటికి ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ అందులో ఉండాలి. చేరే రోజున ఇద్దరూ కలిసి ప్రతి గదినీ ఫోన్‌లో వీడియో తీసుకుని పెట్టుకుంటే ఖాళీ చేసే రోజున గొంతులు పెరగవు.

ముందే చెప్పాల్సిన లోపాలు

ఇంట్లో పైకి కనిపించని ముఖ్యమైన లోపం ఉండి, మామూలు జాగ్రత్తతో చూసినా కిరాయిదారుకు తెలిసే వీలు లేకపోతే, దాన్ని యజమాని ముందే చెప్పాలని 108వ సెక్షను తొలి నిబంధన. ఈ ప్రాంతానికి దీన్ని అన్వయిస్తే మొదట వచ్చేది వాననీళ్లు. 2020 అక్టోబరు 13 నాటి కుండపోతకు సరూర్‌నగర్ చెరువు కింది కోదండరామ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తర్వాతి వానాకాలాల్లోనూ ఆ కాలనీ పేరు వార్తల్లోకి వస్తూనే ఉంది. మార్చిలో ఇల్లు చూడడానికి వచ్చిన కుటుంబానికి గోడ మీది నీటి గీత కొత్త రంగు కింద కనిపించదు. గ్రౌండ్ ఫ్లోర్‌లోకి నీళ్లు వచ్చిన సంగతి తెలిసీ చెప్పకుండా ఇవ్వడం మోసమే. నీళ్లు వచ్చే రాత్రి చిన్నపిల్లలతో, వృద్ధులతో అక్కడ ఉండాల్సింది ఆ కుటుంబమే.

రెండోది బోరు. వేసవిలో బోరు ఎండిపోయే వీధులు ఈ వైపు చాలానే ఉన్నాయి. ట్యాంకరు తెప్పించాల్సి వస్తుందని, దాని ఖర్చును ఎలా పంచుకోవాలని ముందే అనుకోవాలి. నగరానికి కృష్ణా నీళ్లు 2004 నుంచి ఈ దిక్కునున్న సాహెబ్‌నగర్ మీదుగానే వస్తున్నాయి, అయినా కుళాయి నీళ్లు అందరికీ సమానంగా అందవు. జలమండలి నీళ్లను జనం ఇప్పటికీ మంజీరా నీళ్లనే అంటారు. ‘మంజీరా ఉంది’ అన్న యజమాని అవి ఏ రోజు, ఎంతసేపు వస్తాయో కూడా చెప్పాలి. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం అమల్లో ఉంది. దానికి పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం కావాలి. ఆ పని చేయించుకోవాల్సింది కనెక్షను తన పేరున ఉన్న యజమాని. అది చేయకుండా బిల్లును మాత్రం పోర్షన్ల మీద పంచితే యజమాని అశ్రద్ధకు కిరాయిదారు డబ్బు కట్టినట్టవుతుంది.

కరెంటు మీటరు

ఈ కాలనీల్లో అన్నిటికన్నా ఎక్కువ మనస్పర్థలు తెచ్చేది ఇదే. ఇల్లు కట్టినప్పుడు ఒకటో రెండో మీటర్లు తీసుకుని, తర్వాత కట్టిన పోర్షన్లకు సబ్‌మీటర్లు పెట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ దక్షిణ డిస్కం గృహ టారిఫ్ శ్లాబుల లెక్కన ఉంటుంది, వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. మూడు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద కలిస్తే బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుంది. నెలకు 80 యూనిట్లు వాడే చిన్న కుటుంబం, ఏసీ ఉన్న ఇంటివాళ్ల ధరకు కరెంటు కొనాల్సి వస్తుంది. పైగా యజమాని యూనిట్‌కు ఇంత అని ఒక చదునైన ధర కట్టి వసూలు చేస్తే ఆ లెక్క కిరాయిదారుకు ఎన్నటికీ తెలియదు.

2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి పథకం ఈ సమస్యను మరింత పెద్దది చేసింది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబానికి జీరో బిల్లు వస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, ఆ ఇంటి సర్వీసు నంబరు జతచేసుకుంటే అద్దెకు ఉన్నవారికీ వర్తిస్తుంది. సొంత మీటరు లేని పోర్షనులోని పేద కుటుంబానికి మాత్రం ఈ సాయం అందదు, ఎందుకంటే సర్వీసు నంబరే లేదు. కొత్త మీటరుకయ్యే ఖర్చు యజమానికి ఒక్కసారిది. అది లేకపోవడం వల్ల నష్టం కిరాయిదారుకు నెలనెలా. ప్రతి పోర్షనుకూ వేరే మీటరు పెట్టించడం చట్టం రాయని బాధ్యతే గానీ, ఇవాళ యజమాని చేయగల పనుల్లో అన్నిటికన్నా న్యాయమైనది అదే. కొందరు యజమానులు తమ సర్వీసు మీద కిరాయిదారు పేరున దరఖాస్తు చేస్తే ఇంటి మీద హక్కు వస్తుందేమోనని జంకుతారు. పథకం లబ్ధికి, యాజమాన్యానికి ఏ సంబంధమూ లేదు.

మరమ్మతులు, ప్రాణభద్రత

వాడుకలో ఉన్న పద్ధతి ఇది: స్లాబు కారడం, గోడలో పైపు పగలడం, వైరింగ్, మోటారు, డ్రైనేజీ వంటి పెద్ద పనులు యజమానివి. బల్బులు, కుళాయి వాషర్లు, కిరాయిదారు చేతిలో విరిగినవి కిరాయిదారువి. అపార్ట్‌మెంట్ అయితే నెలవారీ మెయింటెనెన్స్ ఉన్నవాళ్లు కడతారు. లిఫ్టు మార్చడం, బయట రంగులు, కొత్త బోరు లాంటి వాటికి సంఘం అడిగే మొత్తం ఫ్లాటు యజమాని మీద పడుతుంది. ఈ గీత ఒప్పందంలో ఉంటే సంఘం సమావేశాల్లో కిరాయిదారును నిలదీసే పరిస్థితి రాదు.

ప్రాణానికి సంబంధించినవి మాత్రం బేరానికి వదలకూడదు. సంపు మూత మొదటిది. 2024 ఏప్రిల్‌లో గచ్చిబౌలి ప్రాంతంలోని ఒక హాస్టల్లో మూత తీసి ఉన్న సంపులో పడి ఒక యువకుడు చనిపోయాడు. మన ఇళ్లలో సంపు ఉండేది గేటు లోపల, పిల్లలు ఆడుకునే చోటే. బరువైన మూత, దానికి తాళం ఉండాలి. ఎర్త్ సరిగా ఉండడం, షాక్ కొడితే కరెంటును ఆపే బ్రేకరు, డాబాకు పిట్టగోడ, మెట్లకు రెయిలింగ్, గ్యాస్ గీజరు ఉన్న స్నానాల గదికి గాలి ఆడే కిటికీ, ఇవి లేని ఇంటికి టులెట్ బోర్డు కట్టకూడదు.

అడ్వాన్సు

బెంగళూరులో పది నెలల అడ్వాన్సు చాలాకాలం వాడుకగా ఉండేది. హైదరాబాద్‌లో ఎక్కువగా ఒకటి రెండు నెలలే, అది మన నగరపు మంచి అలవాటు. గొడవ వచ్చేది తిరిగిచ్చేటప్పుడు. పెయింటింగ్ పేరుతో ఒక నెల కిరాయి పట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ అయింది. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని 108వ సెక్షను చెబుతోంది. మూడేళ్లలో గోడరంగు వెలిసిపోవడం అలాంటి అరుగుదలే. ఒప్పందంలో ముందుగా రాసుకుంటే తప్ప దానికి డబ్బు పట్టుకునే ఆధారం బలహీనం. రాసుకున్నా, ఆ డబ్బుతో నిజంగా రంగు వేయిస్తేనే అది ధర్మం. తలుపు విరగ్గొట్టడం, వాష్‌బేసిన్ పగలగొట్టడం, కట్టని కరెంటు బిల్లు వంటివి న్యాయమైన మినహాయింపులు. వాటికి బిల్లులు చూపించాలి.

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న అమెరికాలోని న్యూజెర్సీలో అడ్వాన్సు నెలన్నర అద్దెకు మించకూడదు, ఖాళీ చేసిన 30 రోజుల్లో వివరాలతో సహా తిరిగివ్వాలి. ఇంగ్లండులో 2019 చట్టం ప్రకారం సాధారణ అద్దెకు అయిదు వారాల అద్దె హద్దు, ఆ సొమ్ము ప్రభుత్వ ఆమోదం ఉన్న రక్షణ పథకంలో ఉండాలి. అక్కడ ఆ నియమాల నీడలో ఉంటున్న పిల్లలు వనస్థలిపురంలో తమ తల్లిదండ్రుల ఇంటిని కిరాయికిచ్చేటప్పుడు అదే పద్ధతి పాటిస్తే బాగుంటుంది.

పోలీసులకు తెలపడం

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర, థియేటరు దగ్గర జరిగిన జంట పేలుళ్లను ఈ ప్రాంతం మరచిపోలేదు. నేరస్తులు ఇదే రహదారి మీద ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నారని జాతీయ దర్యాప్తు సంస్థ విచారణలో తేలింది. 2016 డిసెంబరులో అయిదుగురికి ప్రత్యేక కోర్టు శిక్ష విధించింది. ఆ పేలుళ్ల నాటి నుంచి అద్దెకు దిగేవారి గుర్తింపు వివరాలు స్టేషనులో ఇవ్వమని పోలీసులు గట్టిగా చెబుతున్నారు. ఆధార్ నకలు, ఫోటో, సొంతూరి చిరునామా, పనిచేసే చోటు, ఫోన్ నంబరు తీసుకోవడం యజమాని కనీస జాగ్రత్త. విదేశీయులకు ఇస్తే 24 గంటల్లో అధికారులకు తెలపాలి, ఇది చట్టబద్ధమైన బాధ్యత. అయితే వివరాలు తీసుకోవడం వేరు, మతాన్ని బట్టో కులాన్ని బట్టో మనిషిని అనుమానించడం వేరు. పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనడం ఈ కాలనీల్లో ఇప్పటికీ జరుగుతోంది, దాన్ని భద్రత పేరుతో సమర్థించలేం. బ్యాచిలర్లన్న ఒక్క కారణంతో కాదనడమూ అలాంటిదే. వాళ్లంతా ఏదో ఒక ఊళ్లో ఒక తల్లి ఎదురుచూసే పిల్లలు.

ఇంట్లో ఉన్నంతకాలం

కిరాయి కడుతూ షరతులు పాటించే వ్యక్తి గడువు తీరేదాకా ఆటంకం లేకుండా ఇల్లు అనుభవించేలా చూడడం యజమాని బాధ్యత అని చట్టం చెబుతోంది. యజమాని తనకు ఇష్టమైనప్పుడు పోర్షనులోకి రాకూడదు, రెండో తాళంచెవి ఉన్నా సరే. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏం వండారు అన్నవి అడగాల్సినవి కావు. మాంసాహారం వండకూడదన్న షరతు ఉంటే చేరకముందే చెప్పాలి. మధ్యలో పెట్టకూడదు. భద్రత కోసం కెమెరా పెడితే అది గేటును, పార్కింగును చూడాలి గానీ కిరాయిదారు గుమ్మాన్ని కాదు. స్త్రీలను రహస్యంగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం.

ఇక చెప్పి తీరాల్సిన ఒక విషయం ఉంది. అద్దె ఇంట్లో ఎవరైనా చనిపోతే, ఆసుపత్రిలో చనిపోయినా సరే, శవాన్ని ఇంటికి తేనివ్వని యజమానులు తెలుగు ఊళ్లన్నిటా ఉన్నారు. ధనిష్ఠా పంచకం వంటి నమ్మకాలు, ఇల్లు మళ్లీ కిరాయికి పోదన్న దిగులు దీనికి కారణం. భర్త దేహాన్ని రోడ్డు మీద టెంటు కింద పెట్టుకుని కూర్చున్న భార్య ఫోటో పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. అద్దె గడువులో ఆ ఇల్లు ఆ కుటుంబానిదే. పుట్టుక, చావు, పెళ్లి, పురుడు అక్కడే జరుగుతాయి. వాటిని ఆపే అధికారం యజమానికి ఏ చట్టమూ ఇవ్వలేదు. చేరిన రోజు ఆ వంటింట్లో పాలు పొంగించుకోవడాన్ని శుభమని ఆనందించిన యజమాని, ఆ కుటుంబానికి కష్టం వచ్చిన రోజు గేటు మూసేయడం అమానుషం.

పన్నులు, హాస్టళ్లు

ఇంటి అద్దె మీద ఆదాయపు పన్ను లెక్కలో, కట్టిన ఆస్తిపన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఏ బిల్లూ లేకుండానే వస్తుంది. ఏప్రిల్‌లోనే ఏడాది ఆస్తిపన్ను కడితే నగరపాలక సంస్థ ఏటా 5 శాతం రాయితీ ప్రకటిస్తోంది. ఆస్తిపన్ను యజమానిదే, కిరాయిదారు మీద నెట్టకూడదు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి అద్దె భత్యం చూపించుకునే ఉద్యోగికి యజమాని పాన్ నంబరు అవసరం. ఆదాయం దాచుకోవాలని ఇవ్వననడం అతని హక్కును కాలరాయడమే. నెల అద్దె 50,000 దాటితే కిరాయిదారే 2 శాతం పన్ను కోసి కట్టాలి. యజమాని విదేశంలో స్థిరపడిన వ్యక్తి అయితే లెక్క వేరు: అద్దె ఎంత తక్కువైనా 30 శాతం, దాని మీద సెస్సు కోయాల్సి ఉంటుంది. తక్కువ కోతకు పన్నుల శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాల్సింది యజమాని. ఈ సంగతి చెప్పకుండా, ఊళ్లో ఉన్న తండ్రి ఖాతాలో వేయించుకుంటే చిక్కు పాపం కిరాయిదారుకు చుట్టుకుంటుంది.

ఇంటిని హాస్టల్ నడిపేవారికి ఇస్తే అది నివాసపు అద్దె కాదు. ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక జాగ్రత్తలు, కరెంటు కేటగిరీ అన్నీ మారతాయి. ఒకే మెట్లదారి ఉన్న నాలుగంతస్తుల ఇంట్లో వంద మందిని పడుకోబెడితే మంట అంటుకున్న రోజు ఆ దారి చాలదు. మనిషికి నెలకు 20,000 మించకుండా, కనీసం 90 రోజులు ఎడతెగక ఉండేవారి హాస్టల్ ఫీజుకు జీఎస్టీ మినహాయింపు ఇవ్వాలని 2024 జూన్‌లో జీఎస్టీ మండలి నిర్ణయించింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలోని విద్యార్థులు ఆ పరిధిలోకి వస్తారు.

ఖాళీ చేయించడం

ఒప్పందం గడువు తీరాక కూడా కిరాయి తీసుకుంటూ ఉంటే అది నెలనెలా సాగే అద్దె అవుతుంది. దాన్ని ముగించడానికి 106వ సెక్షను ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు. ఒప్పందంలో నెలో రెండు నెలలో రాసుకుంటే అదే వర్తిస్తుంది. నోటీసు మీద సంతకం ఉండాలి, పోస్టులో గానీ చేతికి గానీ అందాలి, కుదరకపోతే ఇంటికి అందరికీ కనిపించేచోట అంటించాలి. నోటీసు ఇచ్చాక మామూలుగా కిరాయి తీసుకుంటూ పోతే దాన్ని వదులుకున్నట్టు వాదించే వీలుంటుంది కాబట్టి, ఏ షరతుతో తీసుకుంటున్నారో రసీదులో రాయాలి.

నోటీసు గడువు తీరినా కదలకపోతే ఏం చేయాలి? కోర్టుకు వెళ్లాలి, మరో దారి లేదు. తాళం మార్చడం, సామాను బయట పడేయడం, నీళ్లు కట్టేయడం, ఫ్యూజు పీకేయడం, నలుగురిని తెచ్చి బెదిరించడం చట్టవిరుద్ధం. ఇంటి స్వాధీనంలో స్థిరంగా ఉన్న మనిషిని చట్టప్రకారం తప్ప బలవంతంగా తీసేయకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణరామ్ మహాలే కేసులో స్పష్టం చేసింది. అలా వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లో దావా వేసి కిరాయిదారు తిరిగి ప్రవేశించవచ్చు, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాదు. పోలీసులు కూడా కోర్టు ఆదేశం లేకుండా ఖాళీ చేయించలేరు.

మూసారాంబాగ్ వైపు ఇళ్లు హైదరాబాద్ జిల్లాలో, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఇళ్లు రంగారెడ్డి జిల్లాలో ఉంటాయి కాబట్టి దావా ఎక్కడ వేయాలో చిరునామాను బట్టి మారుతుంది. రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఎల్బీనగర్‌లోనే ఉంది. దావా వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ఏర్పాటు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 1987 చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. ఈ వెసులుబాటు భర్త పోయి, ఒక్క పోర్షను కిరాయి మీద బతుకుతున్న యజమానురాలికీ వర్తిస్తుంది.